నాలుగు గంటల తడి

అశ్విని కార్తె, మొదటి రోజు

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. చనిపోయిన మనిషి చొక్కాను ఇంట్లో ఉంచుకుంటే ఎండలు మొదలయ్యాక దాని పెంపకం గురించి రాయాలని చొక్కాల శాల నియమం. మృగశిర దాకా గడువు. ఆ లోపల ఇంకొక ఒంటికి ఎక్కించాలి, లేదా శాలకు తిరిగి ఇచ్చేయాలి.

చొక్కా మంజీరది. నా భార్య. పుష్యమాసంలో పోయింది. మెదడులో నరం చిట్లింది. ఎండ ప్రమేయం లేదు.

పొద్దున కుడితి పట్టాను. శాల వాళ్ళు దానికి వేరే పేరు రాస్తారు. చక్కెర, ఉప్పులు, మాంసకృత్తులు కలిపిన నీళ్ళు. ఊరంతా కుడితి అనే అంటుంది. వెన్నుపట్టీ చివర ఉన్న సన్న గొట్టంలో కొంచెం కొంచెంగా పోయాలి. తర్వాత కాచి చల్లార్చిన నీళ్ళతో తుడిచాను. చెక్క మొండేనికి తొడిగి ఉత్తరపు గదిలో వట్టివేళ్ళ తడికె పక్కన నిలబెట్టాను. ఇంట్లో అన్నిటికంటే చల్లని చోటు అది.

నాలుగు గంటలకు తడిసింది.

రోజూ ఆ వేళకే తడుస్తుంది. మంజీర నల్లదిబ్బ మీద కరెంటు ఇచ్చే ఎండ పలకలు కడిగేది. డ్యూటీ దిగి దిబ్బ మీది నుంచి నడిచి వచ్చే వేళ అది. ఏళ్ళ తరబడి ఆమె ఒంటికి బదులు అదే వేళకు చెమట పట్టిన, బతికున్న తోలు చొక్కా. కణాలకు వాటి గడియారం వాటికి ఉంటుంది. మనిషి లేకపోయినా కొంతకాలం నడుస్తుంది.

వీపు మీద చుక్కల కాగితం అద్దాను. చెమట తగిలిన ప్రతి చోటా నల్లని నీలం చుక్క పడుతుంది. ఎడమ భుజం దగ్గర అరచెయ్యంత ఖాళీ. అక్కడ ఒకసారి పలక అంచు గీరుకుంది. అప్పటినుంచి అక్కడ చెమట ఊరదు.

కాగితం ఈ పక్కన అంటించాను.


అశ్విని, 4

శాల నుంచి యూసుఫ్ భాయ్ వచ్చాడు. మా వాడలో చొక్కాలన్నీ చూసేది అతనే. మంజీర పోయిన రోజు చొక్కా వలిచి నా చేతిలో పెట్టింది కూడా అతనే.

"మంచిగ సాదుతున్నరు సార్. రంగు బాగుంది," అన్నాడు.

"చల్లగా ఉంచాను."

"చల్లగనే ఉంచాలె. ఎండ తాకనియ్యకుండ్రి."

తర్వాత గొంతు తగ్గించి, "ఎవరికన్న ఇచ్చేది అనుకుంటున్నరా?" అని అడిగాడు.

మాకు పిల్లలు లేరు. చొక్కా తల్లి నుంచి బిడ్డకు వస్తుంది, అక్క నుంచి చెల్లెకు వస్తుంది. మంజీరకు చెల్లెళ్ళు లేరు. ఈ సంగతి అతనికీ తెలుసు.

"శాలకు ఇస్తే ఏం చేస్తారు?"

"మరపు స్నానం చేపిస్తం. రెండు రోజులు మందు నీళ్ళల్ల నానవెడితే పాత మనిషి గుర్తులన్ని పోతయి. గప్పుడు ఎవరి ఒంటికైనా పడుతది. మరపు లేకుంట తొడిగితే ఒళ్ళు ఊరుకోదు గద సార్, గంటలోపల్నే దద్దుర్లు లేస్తయి, ఊపిరి ఆడదు. మీకు నేను చెప్పాల్నా?"

చెప్పక్కర్లేదు. కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను.

"నాలుగింటికి తడవడం?"

"గదంత పోతది సార్. కోరా బట్ట లెక్క ఐతది."

వాకిట్లో మా అత్తమ్మ చింతపండు గింజలు తీస్తోంది. సమ్మవ్వ. మంజీర తల్లి. మాతోనే ఉంటుంది. ఇప్పుడు నాతో ఉంటుంది. చొక్కా ఈ ఇంటికి తిరిగి వచ్చాక ఆమె ఉత్తరపు గదిలో అడుగు పెట్టలేదు. గడప అవతల నిలబడి అన్నం తినమని పిలుస్తుంది.

యూసుఫ్ ఆమె చొక్కా కూడా చూశాడు. వీపు మీద కాగితం అద్దాడు. చుక్కలు ఎడమెడంగా పడ్డాయి.

"అవ్వా, ముసలిదైంది."

"నేనా, అదా?"

"రెండూ."

"నీ నోట్ల మన్నుబడ. కొత్తది ఎప్పుడిస్తరు?"

"పేరు రాసిన. శాలల తోలు పెరగొద్దా? వానలు పడ్డంక వస్తది."

"వానలు పడ్డంక చొక్కా ఎందుకురా, గొడుగియ్యి."

యూసుఫ్ నవ్వాడు. నేను కూడా నవ్వాలి కాబోలు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి నాతో అన్నాడు. "రోహిణి దాటుడు కష్టం సార్. అవ్వను బయటికి పోనియ్యకుండ్రి."


అశ్విని, 9

కుడితి పట్టాను. తుడిచాను. నాలుగింటికి తడిసింది. కాగితం అంటించాను.

ఆ పూట గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మొదట మెడ కింద మెరుపులాగా వస్తుంది. తర్వాత చంకల్లో. అక్కడి గ్రంథులు వేరే రకం. వాటి చెమటకు వాసన ఉంటుంది. ఒక్కొక్కరిది ఒక్కొక్కలా. కాసేపు ఉండి పోతుంది.

రాయవలసింది ఇంతే.


భరణి కార్తె, 2

క్లాసులో గ్రంథుల పాఠం. ఎండ వల్ల పొద్దున్నే పెడుతున్నారు.

ఏటా ఒకే మాటతో మొదలుపెడతాను. గ్రంథి అంటే లోపలికి మడతపడిన పొర. పుస్తకం ఉపకళ అంటుంది. ఒంటి మీద, పేగు లోపల, నోట్లో, ఎక్కడ అంచు ఉంటే అక్కడ పరుచుకునే కణాల పొర. అది ఒకచోట కిందికి దిగుతుంది. గొట్టం అవుతుంది. అడుగున చుట్ట చుట్టుకుంటుంది. చుట్టలో ఉప్పునీరు ఊరుతుంది. పైకి వచ్చే దారిలో గొట్టం గోడలు ఉప్పును వెనక్కి తీసుకుంటాయి. చర్మం మీదికి వచ్చేసరికి దాదాపు నీళ్ళే.

పొడిజ్వరం వచ్చిపోయాక మనుషుల ఒంట్లో ఈ గొట్టాలు మూసుకుపోయాయి. తర్వాత పుట్టినవాళ్ళవి మూసుకునే పుట్టాయి. అరచేతుల్లో మాత్రం కొన్ని మిగిలాయి. ఆ ముక్కతోనే చొక్కాలు పెంచుతారు, మంజీరది మంజీర ముక్కతోనే.

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి అడిగింది. "సార్, మీ చిన్నప్పుడు ఒంట్లకెళ్ళే చెమట వచ్చేదా?"

"లేదు. మా అమ్మకు వచ్చేది."

"అంటే నుదురు మీద? ఉత్తగనే?"

"ఉత్తగనే."

"ఛీ," అంది పక్కమ్మాయి. క్లాసంతా నవ్వింది.

ఇంటికి వచ్చి అత్తమ్మకు చెప్పాను. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

"మా కాలంల ఒళ్ళే చొక్కా," అంది. "నాటుకు పోతే రైకంత తడిసి ఉప్పు గీతలు తేలేది. గప్పుడు ఛీ అనలే ఎవరూ."


భరణి, 6

నాలుగింటికి తడిసింది. కాని చుక్కలు తక్కువ. నిన్నటి కాగితం పక్కన పెట్టి చూస్తే తెలుస్తోంది. నడుం దగ్గర అసలు లేవు.

చొక్కా మీద చిన్న చిన్న పొక్కులు. ఆవగింజంత.

కుడితి రెండుసార్లకు బదులు మూడుసార్లు పట్టాను. తడికె మీద ఇంకా నీళ్ళు చల్లాను.


భరణి, 8

పొక్కులు భుజాలకు ఎక్కాయి.

చొక్కా అంచున గోరంత ముక్క కోసి కాలేజీకి తీసుకెళ్ళాను. రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. అడుగున చుట్టలు బాగున్నాయి. గొట్టాలు బాగున్నాయి. పైన మూతులు మూసుకుపోయాయి. చదునైన కణాలు పొలుసులు పొలుసులుగా పేరుకుని బిరడా కట్టాయి. కింద ఊరిన నీళ్ళకు దారి లేక పొక్కులు లేచాయి.

చెమటకాయలు. మా అమ్మ చెప్పేది, వాళ్ళ రోజుల్లో పిల్లలకు వచ్చేవట.

వాడని మూతి మూసుకుంటుంది. రోజుకు ఒక్కసారి, నాలుగింటికి, ఆ కాస్త తడి సరిపోదు. చొక్కా ఎండలో తిరగాలి. మోయాలి, ఎక్కాలి, వంగాలి. లోపల ఒక ఒళ్ళు వేడెక్కాలి. నేను దాన్ని ఇంట్లోకెల్లా చల్లని చోట పెట్టి, నీడలో ఉంచి, నీళ్ళు చల్లాను.

ఊళ్ళో అందరం ఇదే చేస్తాం. పోయినవాళ్ళ చొక్కాను చల్లగా ఉంచుతాం. మృగశిర నాటికి ఎండి తోలైతే, మనిషి లేక బెంగపెట్టుకుంది అంటాం.


భరణి, 10

యూసుఫ్ భాయ్‌కి కబురు చేశాను. వచ్చి పొక్కుల మీద వేలు రాసి చూశాడు. బిరడాల సంగతి చెప్పాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇన్నేండ్లు నేనే చెప్పిన సార్, చల్లగ ఉంచుమని. ఎన్ని ఇండ్లల్ల చెప్పిననో."

"ఇప్పుడేం చేయాలి?"

"ఒళ్ళు గావాలె. తొడుక్కునేటోళ్ళు గావాలె. లేకుంటే రోహిణి దాక గూడ ఆగది. ఉత్త తోలైతది."

నాకు పట్టదు. మంజీర సన్నటి మనిషి. పైగా నా చొక్కా నా ఒంటిని పట్టి ఉంది.

యూసుఫ్ వాకిలి వైపు చూశాడు. నేనూ చూశాను. అత్తమ్మ సన్నటి మనిషే.

"గట్ల సూడకుండ్రి ఇద్దరు," అంది అత్తమ్మ అక్కడి నుంచే. ఆమెకు చెవులు బాగా వినిపిస్తాయి.

"అవ్వా, నీ చొక్కా ఇంకెన్ని రోజులో ఆగది. ఇది తీస్కపోయి మరపు స్నానం చేపిస్త. రెండు రోజులల్ల నీకు తొడుగుత."

"చొక్కా కిందికి దిగాలె గాని మీదికి ఎక్కొద్దు."

"గవన్ని పాత మాటలు అవ్వా."

"పాతయే. నేను గూడ పాతదాన్నే. బిడ్డది తల్లి తొడుగుతదా ఏడన్న? రేపు వాడల నలుగురు ఏమంటరు? బిడ్డను మింగి చొక్కా ఏసుకున్నది అనరా?"

"ఎవలంటరు?"

"నేనంట. చాలదా?"

యూసుఫ్ నా వైపు తిరిగాడు. నేను చెబితే వింటుందేమో అన్నట్టు.  మరపు స్నానం అన్న మాట దగ్గరే ఆగిపోయాను.


కృత్తిక కార్తె, 1

నలుగు పెడితే బిరడాలు మెత్తబడతాయేమో అనిపించింది. సెనగపిండి, పెసరపిండి, కొంచెం నూనె. గోరువెచ్చని నీళ్ళ గుడ్డ కప్పి నాననిచ్చి, మెల్లగా రుద్దాను.

అత్తమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏం జేస్తున్నవ్ సారూ?"

చెప్పాను.

"పెండ్లిపిల్లకు వెట్టినట్టు వెడుతున్నవ్."

నేను రుద్దుతూనే ఉన్నాను.

"గట్ల గాదు. మొగోని చెయ్యి. తోలు ఊడొస్తది."

గడప దాటింది. ఇన్నాళ్ళకు ఇదే మొదటిసారి. కొంగు నడుముకు చుట్టి, పిండి చేతిలోకి తీసుకుని, మెడ దగ్గర మొదలుపెట్టింది. పైనుంచి కిందికి, ఒక్క వేలు ఒత్తిడి కూడా ఎక్కువ కాకుండా. ఎడమ భుజం మీద గీరుకున్న చోటికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే పక్కకు జరిగింది.

"చిన్నప్పుడు ఊకుండేది గాదు. నలుగంటె ఉరికేది. ఇప్పుడు సూడు, ఎట్ల నిలవడ్డదో," అంది.

 ఆమె రుద్దింది. నేను నీళ్ళు అందించాను.

నాలుగింటికి కొన్ని చుక్కలు. మూతులు కొన్ని తెరుచుకున్నట్టున్నాయి.


కృత్తిక, 5

రోజూ నలుగు పెడుతోంది. పొక్కులు తగ్గాయి. చుక్కలు పెరగలేదు. తలుపు తెరిచినంత మాత్రాన సరిపోదు. లోపల నుంచి ఎవరో రావాలి.


కృత్తిక, 8

అత్తమ్మ చొక్కా చచ్చిపోయింది. పొద్దున లేచేసరికి వీపు మీద పటపట విరిగింది. ఇద్దరం కలిసి వలిచాం. అట్టముక్కలా వచ్చింది. ఆమె దాన్ని పెరట్లో వేపచెట్టు మొదట్లో పాతిపెట్టింది.

ఇప్పుడు తడి చీర కట్టుకుని ఫ్యాను కింద కూర్చుంటోంది. గంటకోసారి లేచి మగ్గుతో నీళ్ళు పోసుకుంటోంది. కరెంటు ఉన్నంతవరకు ఇబ్బంది లేదు.

శాలకు ఫోను చేశాను. వరస ప్రకారమే అన్నారు. అద్దె చొక్కాలు అయిపోయాయన్నారు. చల్లటి హాలులో పడుకోబెట్టమన్నారు. అక్కడ ఇప్పటికే జనం గోడల వెంట కూర్చుని ఉన్నారు. చూసి వచ్చాను.

సాయంత్రం అత్తమ్మను అడిగాను. ఇదే మొదటిసారి నా నోటితో అడగడం.

"మంజీర చొక్కా వేసుకో అత్తమ్మా."

"మరపు జేపించా?"

"చేయించి."

ఆమె నా ముఖం చూసింది. చూపు తిప్పలేదు.

"నిజం జెప్పు కొడుకా. నీకు ఇయ్యబుద్ధి అయితాందా?"

అబద్ధం చెప్పాలని ఉంది. 

"లేదు," అన్నాను.

"నాకు తీసుకోబుద్ధి అయితలేదు. సరికి సరి. అన్నం తిను."


కృత్తిక, 13

అద్దంలో చూసుకున్నాను. గడ్డం పెరిగింది. కుడితి పట్టాను. తుడిచాను. నాలుగింటికి చుక్కలు లెక్కపెట్టేటన్ని మాత్రమే. లెక్కపెట్టలేదు.


రోహిణి కార్తె, 1

వివరంగా రాయాలి. శాల వాళ్ళు అడుగుతారు.

నేను కాలేజీలో ఉండగా ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. దిబ్బ మీద పలకల లైను కాలిపోయిందని వాడలో అనుకుంటున్నారు. పంపు రాలేదు. డ్రమ్ములో నీళ్ళు అయిపోయాయి. అత్తమ్మ బిందె పట్టుకుని వీధి చివరి ట్యాంకుకు వెళ్ళింది.

నేను వచ్చేసరికి గేటు లోపల పడి ఉంది. బిందె పక్కన ఉంది. నీళ్ళు ఒలికి ఆ మట్టి అప్పటికే ఆరిపోయింది.

ఒళ్ళు కాలుతోంది. చర్మం పొడిగా, కాగితంలా ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"మంజీరా, గిన్నె దించు బిడ్డా, మాడుతాంది," అంది.

ఎత్తుకుని ఉత్తరపు గదిలోకి తెచ్చాను. కుండలో ఉన్న నీళ్ళన్నీ తల మీద పోశాను. వట్టివేళ్ళ తడికె పీకి ఆమె మీద కప్పాను. యూసుఫ్‌కు, ఆసుపత్రికి ఫోను చేశాను. ఆసుపత్రి బండి దొరకదన్నారు. ఊరంతా ఇదే పరిస్థితి. యూసుఫ్ వస్తున్నానన్నాడు. వాడ అవతలి నుంచి నడిచి రావాలి.

నీళ్ళు అయిపోయాయి. ఆమె మాట ఆగింది. కాళ్ళు కొట్టుకోవడం మొదలైంది.

చొక్కాకు మరపు లేదు. మరపు లేకుండా తొడిగితే ఏమవుతుందో నాకు తెలుసు, ఏటా పాఠం చెబుతాను. కాని దద్దుర్లు లేవడానికి గంట పడుతుంది. ఈ వేడికి గంట పట్టదు.

మొండెం మీద నుంచి చొక్కా తీశాను. ఆమెను బోర్లా తిప్పాను. రవిక కత్తిరించాను. వెన్నుపట్టీని మెడ కింది నుంచి నడుం దాకా నొక్కాను. అల్లుడు అత్త వీపు ముట్టుకోవడం ఏ ఇంట్లోనూ లేదు. ముట్టుకున్నాను. మిగతాది ముందుకు తిప్పి కట్టాను. ఈ పుస్తకం తీసుకుని గాలి విసిరాను.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత మెడ కింద మెరిసింది. అక్కడి నుంచి కిందికి పాకింది. నాలుగు గంటల తడి కాదు. నేను ఇంతవరకు ఆ చొక్కా మీద చూడని తడి. వీపంతా, నడుమంతా, చేతులంతా. కారింది. కింద నేల తడిసింది. వట్టివేళ్ళ మీద ఆ వాసన.

పుస్తకంతో విసురుతూనే ఉన్నాను.

యూసుఫ్ వచ్చేసరికి గంట దాటింది, ఆమె నీళ్ళు అడుగుతోంది. అతను తన సీసా ఇచ్చాడు. ముఖం, మెడ, చంకలు వెతికాడు. ఒక్క దద్దురు లేదు.

"మరపు జేసిన్రా?"

"లేదు."

"మరి ఎట్ల పట్టింది సార్?"

అప్పుడు గుర్తొచ్చింది. ఇదీ క్లాసులో చెప్పే విషయమే. బిడ్డను మోసిన తల్లి రక్తంలో ఆ బిడ్డ కణాలు కొన్ని ఉండిపోతాయి. పుట్టాక కూడా. ఏళ్ళ తరబడి. వాటితో కలిసి బతకడం ఆ ఒంటికి అలవాటైపోతుంది. అన్ని ఒళ్ళకూ కాదు. ఈ ఒంటికి అయింది.

చెప్పాను. యూసుఫ్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"అంటే అవ్వ ఒళ్ళు గుర్తుపట్టిందన్నట్టు."

"తోసేయలేదు. అంతవరకే మనకు తెలుసు."

అత్తమ్మ కళ్ళు మూసుకునే ఉంది. విన్నదో లేదో తెలియదు. కాసేపటికి చొక్కా అంచు పట్టుకుని చూసుకుంది.

"తొడిగినవా?"

"తొడిగాను."

"అడగకుంట?"

"అడిగే టైం లేదు."

ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. "ఎక్కనే ఎక్కింది మీదికి," అంది.


రోహిణి, 2

అత్తమ్మ లేచి కూర్చుంది. జావ తాగింది. ఫ్యాను తిరుగుతోంది.

నాలుగింటికి నేను ఖాళీ మొండెం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అలవాటు.

గడప దగ్గర నుంచి పిలిచింది.

"ఇదేందిది? నేనేం జెయ్యలే, ఊకెనే కూసున్న. వీపంత నీళ్ళయింది."

"నాలుగైంది అత్తమ్మా."

"అయితే?"

చెప్పాను. దిబ్బ మీది నుంచి దిగి వచ్చే వేళ అని. పుష్యమాసం నుంచి రోజూ చూస్తున్నానని. ఆమెకు ఇది ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నేను గదిలో ఆ పూట ఏం చేస్తానో ఆమె ఎప్పుడూ అడగలేదు.

నిలబడి విన్నది. కొంగు తల మీదికి లాక్కుంది. వెనక్కి తిరిగి, వీపు మీద చీర కొంచెం పక్కకు జరిపింది.

"కాయితం అద్దుతవ్ గద. అద్దు. జెల్ది గానియ్."

అద్దాను. నిండుగా చుక్కలు. ఎడమ భుజం దగ్గర ఖాళీ.


రోహిణి, 6

రోజూ నాలుగింటికి ఆమె వస్తుంది. కొంగు కప్పుకుని వెనక్కి తిరుగుతుంది. కాగితం అద్దుతాను. ఆమె గోడ వైపు చూస్తూ ఏదో ఒకటి అంటుంది. ఇవాళ అన్నది: "నాకేం ఉడకపోస్తలేదు, సూడు. ఇది దానిదే."

వాడలో మాట్లాడుకుంటున్నారట. ట్యాంకు దగ్గర ఒకామె ముఖం మీదే అన్నదట, బిడ్డ తోలు కప్పుకున్నవ్ అని.

"ఏమన్నావు?"

"ఔను, నా కడుపుల కుట్టిన తోలే అన్న. బిందె పక్కకు జరుపుమన్న."


రోహిణి, 11

పొద్దున పొయ్యి దగ్గర చొక్కా తడిసింది. ట్యాంకు లైనులో గొడవపడినప్పుడు తడిసిందట. మధ్యాహ్నం మెట్లు కడుగుతుంటే చూశాను, నడుం దగ్గర ధారగా ఉంది. పొక్కులు ఒక్కటీ లేవు.

నాలుగింటికి తడిసింది. పలచగా.

ఆమె పని వేళలు వేరు. చొక్కా అవి నేర్చుకుంటోంది. పాతవి వదులుతోంది. మందు నీళ్ళు అక్కర్లేదు.


రోహిణి, 13

యూసుఫ్ వచ్చాడు. కాగితాలన్నీ తిరగేశాడు. చొక్కా ఒంటికి ఎక్కింది కాబట్టి ఇక ఈ రాత అక్కర్లేదట. మృగశిర రెండో రోజుతో ముగించి ఇవ్వమన్నాడు. ఇకమీదట పోయినవాళ్ళ చొక్కాలు నీడలో దాచొద్దని ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాడట.

"ఎవలు వింటలేరు సార్. ఇన్నేండ్లు నువ్వే గద చల్లగ ఉంచుమన్నది అని నన్నే తిడుతున్రు."

నాలుగింటికి మూడు చుక్కలు. మెడ కింద.


మృగశిర కార్తె, 2

వాన రాలేదు. మబ్బు పట్టింది. గాలి లేదు.

ఇది చివరి రాత.

నాలుగింటికి అత్తమ్మ వచ్చింది. కొంగు కప్పుకుని వెనక్కి తిరిగింది. కాగితం అద్దాను. తీసి చూశాను. తెల్లగా ఉంది. ఇంకో కాగితం అద్దాను.

"ఏమైంది?"

"ఏం లేదు. పొడిగా ఉంది."

"సరింగ అద్దినవా?"

"అద్దాను."

ఆమె అలాగే నిలబడింది. ఇటు తిరగలేదు. "ఇంక కొద్దిసేపు సూద్దాం," అంది.

చూశాం. ఫ్యాను తిరిగింది. నేను కాగితాల కట్ట పక్కన పెట్టాను. ఈ పుస్తకం మూశాను. ఇలా అవుతుందని తెలుసు. ఎప్పుడవుతుందో కూడా దాదాపు తెలుసు. నాకు ఏమీ అనిపించలేదు. చేతులు రెండూ పుస్తకం మీద పెట్టుకుని కూర్చున్నాను.

ఆమె బయటికి వెళ్ళింది. వంటింట్లోకనుకున్నాను. తర్వాత పెరట్లో చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూశాను.

వేపచెట్టు చుట్టూ నడుస్తోంది. కొంగు నడుముకు బిగించి, నెత్తి మీద ఖాళీ బిందె పెట్టుకుని. ఒక చుట్టు, ఇంకో చుట్టు. డెబ్బై ఏళ్ళ మనిషి. మబ్బు కింద ఉక్కలో, ఎవరో వెనక తరుముతున్నట్టు, దిబ్బ మీది నుంచి దిగివస్తున్నట్టు. నేను కిటికీలోంచి పిలిచాను.

"అత్తమ్మా, వద్దు. పడిపోతావు."

"నేనేం పడ. నువ్ కాయితం తియ్యి."

"ఇప్పుడది లెక్కకు రాదు."

"తియ్యమన్ననా లేదా సారూ?"

ఇంకా తిరిగింది. పక్కింటివాళ్ళు గోడ మీది నుంచి చూస్తున్నారు. ఆమె వాళ్ళ వైపు చూడలేదు. ఆయాసపడుతూ లోపలికి వచ్చింది. బిందె దించింది. ఈసారి కొంగు కప్పుకోలేదు. నా ముందు నిలబడి వెనక్కి తిరిగింది.

"ఇప్పుడు సూడు కొడుకా."

చెయ్యి ఆనించాను. తడిగా ఉంది. వెచ్చగా ఉంది. వాసన కొంత ఆమెది. కొంత కాదు.

కాగితం అద్దాను. నిండుగా చుక్కలు వచ్చాయి. ఎడమ భుజం మీద ఖాళీ అలాగే ఉంది.

అయిదు కావస్తోంది. కాగితం మీద నాలుగు అని రాశాను.